టీచర్ గేటుకు కట్టిన బొమ్మ

మొన్న మా వీధిలో కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీశారు. ఆ గడ్డి వాసనకు నా మూడో తరగతి గుర్తొచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. డోర్నకల్ స్టేషన్ ముందు పెద్దవాళ్ళు నాయకుల దిష్టిబొమ్మలు తగలబెట్టేవారు. బొమ్మ కాలితే ఆ మనిషీ కాలిపోతాడని నేను నమ్మాను.

కోస్తా నుంచి వచ్చిన మా టీచర్, నేను "గిట్ల" అన్నప్పుడల్లా ఆ మాటే వెక్కిరించి తరగతినంతా నవ్వించేది. ఆమె కాలిపోవాలనుకున్నాను. ఒక ఆదివారం గడ్డిబొమ్మ చేసి, ఆమె అద్దె ఇంటి గేటుకు కట్టాను. అగ్గిపుల్ల గీయబోతుంటే తలుపు తెరుచుకుంది. అగ్గిపెట్టె వెనక్కి దాచేశాను.

బొమ్మను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. "మా ఇంటికి దిష్టి తగలకూడదని కట్టావా తల్లీ? ఈ గొడవల్లో మా మంచి కోరేవాళ్ళు ఎవరున్నారులే అనుకున్నాను."

"గిది గందుకు కాదు టీచర్," అన్నాను.

ఈసారి ఆమె నవ్వలేదు. బొమ్మ నుదుట కుంకుమ పెట్టి, నాకో సున్నుండ ఇచ్చింది.

కోపంతో ఏడుస్తూనే దాన్నంతా తిన్నాను. ఆ ఇంట్లో ఆమె ఎంత భయంగా బతికిందో పెద్దయ్యాక అర్థమైంది. అయినా తరగతిలో ఆమె నవ్విన నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.