మామ్మ పలకని పేరు

గల్ఫ్‌లో మేముండే రోలాలో పక్క ఫ్లాటువాళ్లు ఎండు నెత్తళ్లు వేయించినప్పుడల్లా ఆ వాసన మెట్లదాకా వచ్చేస్తుంది. హాస్పిటల్లో డ్యూటీ దిగి కాళ్లీడ్చుకుంటూ వచ్చే నేను లిఫ్టు ముందే ఆగిపోయి, కోనసీమలో మా పెరట్లో కొబ్బరి మట్టల మీద చేపలు ఎండేసి కాకుల్ని తోలుతూ కూర్చునే మామ్మ దగ్గరికి వెళ్లిపోతాను.

నాన్నని కన్న ఆ మామ్మ మహా మాటకారి. ఎండాకాలం ముంజలు ఒలిచి చేతిలో పెడుతూ, వానాకాలం చూరు కింద పీటేసుకుని, క్రిస్మస్ ముందు అరిసెల పాకం చూస్తూ ఊరందరి కబుర్లూ చెప్పేది. నేను పుట్టకముందే పోయిన తాత పేరు మాత్రం ఎత్తేది కాదు, 'ఆయన' అనేది. పాతకాలం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు గనక మాకది వింతగా తోచలేదు. ఓ పెళ్లింట కొత్తజంటను గుమ్మంలో ఆపి పేర్లు చెప్పిస్తుంటే, పిల్లలమంతా మామ్మకీ అడ్డంపడి తాత పేరు చెబితేనే లోపలికని పట్టుబట్టాం. ఆవిడ వెనక్కి తిరిగి, భోజనమైనా చెయ్యకుండా ఎండలో ఇంటికెళ్లిపోయింది. ఎంత సిగ్గో అని పడీపడీ నవ్వుకున్నాం.

కరోనా తగ్గుతున్న రోజుల్లో ఇక్కడ నాకు కొడుకు పుడితే, మామ్మ పొంగిపోతుందని తాత పేరే పెట్టాను, శామ్యూల్ అని. వీడియో కాల్‌లో వాణ్ణెప్పుడూ 'చంటోడా' అనే పిలిచేది.

నిరుడు మామ్మ పోయింది. సెలవు దొరక్క నేను వెళ్లలేదు. మునిమనవణ్ణి కూడా పేరుతో పిలవలేనంత సిగ్గేంటని ఫోన్లో మేనత్తతో అన్నాను.

"సిగ్గేంటే పిచ్చిదానా! చేలో నీళ్లకాడ గొడవై, మీ తాత మీ మామ్మ తమ్ముణ్ణి బొండాల కత్తితో నరికేశాడు. జైలు నుంచొచ్చాక మళ్లీ ఆవిడే వండిపెట్టింది. పేరు మాత్రం నోట రానీలేదు."

"మరి నేనా పేరు పెడుతుంటే చెప్పలేదేంటత్తా?"

"నువ్వు సంబరపడుతున్నావని మీ మామ్మే చెప్పొద్దంది."

ఆ తాత మీద నాకు అసహ్యం పుట్టింది. ప్రతి కాల్లోనూ పిల్లాణ్ణి ఎత్తి చూపిస్తూ 'పేరెట్టి పిలువు మామ్మా' అని ఆవిణ్ణి వేధించింది నేనే.

పేరు మారుద్దామంటే మా ఆయన "పాస్‌పోర్టులో ఎక్కింది, ఖలాస్, వదిలెయ్" అంటాడు. ఊళ్లో మా పెరడిప్పుడు రొయ్యల చెరువు. అరిసెలు రోలాలో ప్యాకెట్లలో దొరుకుతాయి. చంపినవాడి పేరు రోజుకెన్నిసార్లో నా నోటే వస్తోంది. చచ్చిపోయిన ఆ తమ్ముడి పేరేంటని మొన్న అత్తని అడిగాను.

"తెలీదే. అప్పటికి నేనింకా పుట్టలేదు. మీ మామ్మ తమ్ముడనే అనేది. మేమెవరమూ అడగలేదు."