టీవీలో అక్క బాగానే ఉంది

దుబాయ్ కరామాలో, మంచానికింతని అద్దె కట్టే మా బెడ్‌స్పేస్ గదిలో నా పక్క మంచం గోదావరి జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చిన ఒకావిడది. నేను ఆఫీసు ఉద్యోగిని. ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. కరోనా దెబ్బకి వ్యాపారం మూతబడి, ఆవిడకి వీసా ఇచ్చిన కఫీల్ “ఖలాస్, అయిపోయింది, వెళ్ళిపో” అని ఇంట్లోంచి పంపేశాడు. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు. అది లేకుండా ఇంటికి ఎలా వెళ్తుంది మనిషి?

తెలుగు చానెల్ ఒకటి మాంద్యంలో వలస మహిళల హక్కుల మీద కార్యక్రమం చేస్తోందని తెలిసి నేనే ఫోన్ చేశాను. నా తెలివి మీద అప్పట్లో నాకు గట్టి నమ్మకం. వీడియో తీసి పంపమన్నారు.

తీరా చూస్తే అక్క తలంటుకుని, నా పట్టుచీర అడిగి కట్టుకుని, పౌడరు రాసుకుని కూర్చుంది.

“పెళ్ళిచూపులా ఏంటక్కా?” అన్నాను.

“టీవీలో మావోళ్ళు సూత్తారు కదండీ. నీరసంగా కనపడితే బెంగెట్టుకుంటారు.”

ముందు ఇంటివాళ్ళకి నవ్వుతూ చెప్పింది, “నేనిక్కడ బాగానే ఉన్నాను. ఏం బెంగెట్టుకోకండి.” ఆ తర్వాత పాస్‌పోర్టు సంగతి, ఆ కఫీల్ ఇంట్లో తనని గదిలో పెట్టి తాళం వేసిన సంగతి, ఇంటికి అప్పటిదాకా చెప్పనివన్నీ చెప్పింది. ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను.

కార్యక్రమం వచ్చిన రోజు గదిలో అందరం ఫోన్ చుట్టూ మూగాం. అక్క తెర మీదికి వచ్చింది, నవ్వింది, బాగానే ఉన్నానంది. అంతే, ప్రకటనలు! కింద ‘కష్టకాలంలోనూ మన ఆడపడుచులను కడుపులో పెట్టుకున్న దుబాయ్’ అని అక్షరాలు.

చానెల్‌కి ఫోన్ చేస్తే, “అన్నీ ఏడుపులే వస్తున్నాయి మేడమ్, జనం చూడట్లేదు. ధైర్యం చెప్పేది ఒకటైనా ఉండాలి కదా” అన్నాడు విలేకరి. పైగా థాంక్స్ కూడా చెప్పాడు!

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. “పోన్లెండి, మావోళ్ళు సంతోషపడుంటారు” అంది. దానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

విమానాలు మళ్ళీ మొదలయ్యాక ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. అక్క స్పీకర్ పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళని గల్ఫ్ పనులకి పంపే ఏజెంటు ఆ టీవీ ముక్కని ఇంటింటికీ తిప్పి చూపిస్తున్నాడట.

“నిన్ను సూసాకే నాకూ ధైర్యమొచ్చిందక్కా. నేనూ వచ్చేత్తన్నాను. పాస్‌పోర్టు నిన్ననే ఆయన చేతిలో పెట్టేశాను.”

అక్క ఫోన్ నోటి దగ్గరికి లాక్కుంది. “ఎళ్ళి తెచ్చేసుకోవే! ఇక్కడ నా పాస్‌పోర్టే ఇవ్వట్లేదు, ఇప్పుడే ఎళ్ళు!” అని అరిచింది.

అవతల చెల్లెలు నవ్వింది.

“ఊరుకో అక్కా. టీవీలో నువ్వలా సెప్పలేదుగా?”