మిరపమూట వెనకాల

తమిళనాట ఒట్టపిడారం పోయే దారిలో, నల్లరేగడి మధ్య ఉన్న ఆ తెలుగువాళ్ళ పల్లెలో, ఇంటి నుంచి బయలుదేరే మనిషిని "ఎక్కడికి?" అని ఎవరూ అడగరు. అడిగితే పోయే పని చెడుతుందంటారు. ఎవరైనా నోరు జారితే, ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఈ ఆచారం పట్టమ్మాళ్‌కు బాగా కలిసొచ్చింది. ఏటా ఆమె సంచీ తగిలించుకుని దేశాలు తిరగడానికి పోతుంటే ఊరందరి కడుపులూ ఉబ్బేవి గాని, వాకిట్లో నిలబెట్టి ఆరా తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మొగుడు లక్ష్మణసామి పోయింది తొంభై రెండులో. పిల్లల్లేరు. ఆ మరుసటి ఏడు ఎండుమిరపకాయలు విరుదునగర్ మండీకి తానే తీసుకుపోయింది. మండీ యజమాని చెల్లసామి మూటలు తూకం వేయిస్తూ తమిళంలో వేళాకోళమాడాడు: "మీ మిరపకాయ సిలోను పోతుంది, పినాంగు పోతుంది. మీరు కోవిల్‌పట్టి దాటి ఈ మండీకి తప్ప ఎక్కడికైనా పోయినారా అమ్మా?"

అతను ఆ మాట అప్పుడే మరిచిపోయాడు. ఆమెకు మాత్రం బస్సులో ఇల్లు చేరేదాకా అదే రొద. తాను నీళ్ళు మోసి పెంచిన కాయ చూసిన లోకం తాను చూడలేదు.

మొగుడు పోయినదానికి నగలేంటికని నలుగురూ కలిసి తీయించి పెట్టెలో పెట్టించారు. మెడలో ఉండకూడనిది పెట్టెలో మాత్రం ఏంటికని ఆమె అమ్మేసింది. సిలోనులో యుద్ధం జరుగుతోంది కాబట్టి మలేసియాలోని పినాంగుకు టిక్కెట్టు కొనింది. ఊరి పెద్దమనుషులు వచ్చి, లోకం ఎంత చెడ్డదో ఆమెకు బోధించారు. వాళ్ళు చూసిన లోకమంతా కలిపి తిరునల్వేలి కోర్టు వరండా.

ఆ తర్వాత ఆగలేదు. వానను నమ్ముకున్న మానావారి సేద్యం, పంట ఇల్లు చేరిందంటే పురట్టాసి నెల వానల దాకా నేల ఎండుతూ పడి ఉంటుంది. ఆ నెలల్లో బ్యాంకాకు, కైరో, ఇస్తాంబుల్, హనోయి. మూడు చీరలు, ఇడ్లీపొడి, కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. తోడు లేదు, ఇంగ్లీషు లేదు.

తిరిగొచ్చాక తిన్నె మీద కూర్చుని అక్క వేలమ్మాళ్‌కు చెప్పేది. తల్లి చిన్నప్పుడే పోతే పట్టమ్మాళ్‌ను చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. మొగుడు వదిలేశాక తిరిగొచ్చి చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది.

"దారి తెలియకపోతే ఎవరిని అడుగుతావే?"

"నేల మీద సరుకు పరుచుకుని కూర్చున్న ఆడదాన్ని అడుగుతా. అది సరుకు వదిలి నా వెంట రాదు, నన్ను ఎక్కడికీ తీసుకుపోదు. తనంత తానే వచ్చి పల్లికిలించేవాడి వెంట మాత్రం పోకూడదక్కా."

"దారి తప్పితే?"

"కూర్చుని మిఠాయి తింటా. రేగడిలో కాలు దిగబడినప్పుడు తన్నుకుంటే ఇంకా దిగుతామే, అట్లానే అదీ."

"మాట?"

పట్టమ్మాళ్ పెద్దగా నవ్వింది. "తెలుగే! తమిళం మాత్రం వాళ్ళకు తెలుసా ఏమి? ఈడ గడప దాటితే తెలుగు నోట్లోనే మింగేస్తామే. హనోయి సంతలో నడివీధిలో నిలబడి అరిచి బేరమాడితిని. గొంతు తెరుచుకునిందక్కా."

వేలమ్మాళ్ మురిసిపోయేది. ఆ మురిపెం చూసినప్పుడల్లా పట్టమ్మాళ్‌కు ఒకటే కోరిక. ఈమెను ఒక్కసారైనా వెంట తీసుకుపోవాలి. మదురైకి తీసుకుపోయి పాస్‌పోర్టు చేయించింది. అది బియ్యం గాదె మీద పడి ఉంది. ఒక ఏడు ఆవు ఈనాలంది వేలమ్మాళ్, ఇంకో ఏడు మోకాలంది. ఇద్దరికీ అరవై దాటాయి. ఇంకెన్ని ఎండాకాలాలు మిగిలాయని పట్టమ్మాళ్‌కు బెంగ.

రెండువేల మూడులో సిలోనులో తుపాకులు ఆగాయని తెలిసింది. కొలంబోకు వీసా ముందుగా అక్కర్లేదు. తిరువనంతపురం పోయి టిక్కెట్టు కొంటే చాలు. "ఈసారి మన మిరపకాయ పోయిన ఊరేనక్కా, కొళుంబు. రా" అని వారం పాటు బతిమాలింది.

"నీకు పులి గుండె. నాది కోడి గుండె. నీవు పోయిరా" అంది వేలమ్మాళ్.

తెల్లవారి పట్టమ్మాళ్ సంచీ తగిలించుకుని వాకిలి దిగింది. ఎదురింటి ముత్తులక్ష్మి ముగ్గు వేస్తోంది. నాలుగడుగులు పడ్డాయో లేదో, వెనకనుంచి గట్టిగా వినిపించింది.

"ఎక్కడికే?"

ముత్తులక్ష్మి చేతిలో ముగ్గు జారిపోయింది. "అయ్యయ్యో, పెద్దమ్మా! పోయేదాన్ని అట్లా అడుగుతారా!"

పట్టమ్మాళ్ వెనక్కి వచ్చి తిన్నె మీద కూర్చుంది. వేలమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

"తెలిసే అడిగితివా అక్కా?"

"తెలిసే. నీవు కూర్చోవాలని." వేలమ్మాళ్ పక్కన చతికిలబడింది. "నిజం చెప్పు. నీకు భయం వేయనే వేయదా?"

పట్టమ్మాళ్ నీళ్ళు తాగింది. "పినాంగులో దిగిన రోజే సంచీ పోయింది. రోడ్డు మీద కూర్చుని పసిపిల్లలా ఏడిస్తిని. ఒక చీనా ముసలిది గంజి పోసింది. దాని మాట నాకు తెలియదు. తాగేదాకా నా వీపు మీద చేయి తీయలేదు. నీ చెయ్యే అనుకుంటిని."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే!"

"చెప్తే పోనిస్తివా? ఇప్పటికీ దిగిన ప్రతి ఊళ్ళో మొదటి రోజు కాళ్ళు వణుకుతాయి. రెండో రోజు సర్దుకుంటాయి."

దూరంగా బస్సు హారను కొట్టింది. వేలమ్మాళ్ చెల్లెలి చేతిలోంచి చెంబు తీసుకుంది.

"నీకూ వణుకుతాయంటే ముందే చెప్పకూడదా? నేనొకదాన్నే ఇట్లా పుడితిననుకుంటిని." లేచింది. "ఏ ముత్తులక్ష్మీ! ఆవును చూసుకో. పాలు నీవే తాగు."

ఆ బస్సు పోయింది. తర్వాతి బస్సుకు ఇద్దరూ ఎక్కారు. వేలమ్మాళ్ ఒడిలో చీర మూట, దాని మీద పాస్‌పోర్టు. పోతుందేమోనని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. కండక్టరు వచ్చి, ఆచారం తెలియనివాడిలా తమిళంలో అడిగాడు: "ఎక్కడికి?"

వేలమ్మాళ్ బస్సంతా వినబడేలా తెలుగులోనే చెప్పింది. "కొళుంబుకు రెండియ్యి."

కండక్టరు నోరు తెరిచాడు. పట్టమ్మాళ్ నవ్వాపుకోలేక, అక్క వణికే మోకాలి మీద చేయి వేసి తమిళంలో సర్ది చెప్పింది. "ముందు కోవిల్‌పట్టికి ఇవ్వు నాయనా."