ఆరు వాచీల మామయ్య

మా మామయ్యని టైమెంతయిందని అడిగితే టైము చెప్పడు. "ఎవరి టైము?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

కొత్తవాళ్లు ఇదేదో వేదాంతమనుకుని కంగారు పడతారు. వేదాంతం కాదు, వాచీలు. ఎడమ చేతికి మూడు, కుడి చేతికి మూడు. మణికట్టు దగ్గర మొదలైన వరస మోచేతి దగ్గరగా వెళ్లి ఆగుతుంది. చొక్కా చేతులు వదులుగా కుట్టమని చెబితే దర్జీ జాలిపడి, "చేతులు విరిగాయా మాస్టారూ, కట్లు కట్టారా?" అని అడిగాడు. ఇన్ని మోస్తున్నాడు కదా, ఒక్కటైనా సరైన టైము చూపిస్తుందా అంటే అదీ లేదు. ఒకటి ముందుంటే ఇంకొకటి వెనక. ఏ రెండిటికీ పడదు.

"బస్సు వెళ్లిపోయిందేమో మామయ్యా, టైమెంత?"

"ఎవరి టైము?"

"బస్సు డ్రైవరు టైము!"

"ఆయన వాచీ నా దగ్గర లేదురా."

ఇలాంటి జవాబు విన్నాక బస్సు దొరికినా మనిషికి ఎక్కాలనిపించదు.

ఆ వాచీలన్నీ ఆటోమేటిక్. బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల ఒక చిన్న బరువు అటూ ఇటూ తిరిగి స్ప్రింగును చుడుతుంది. విప్పి బల్లమీద పెడితే మర్నాటికో ఎల్లుండికో ఆగిపోతుంది. కాబట్టి మామయ్య చేతులు ఊరికే ఉండవు. నడిస్తే కవాతు. కూర్చున్నా ఊపుడే. ఆయన వీధిలో వెళ్తుంటే ఎదురింటివాళ్లు "పిలిచారా?" అని బయటికొస్తారు. స్టాపు కాని చోట బస్సులు ఆగుతాయి.

అదృష్టం కొద్దీ ఆయనకి బడిలో డ్రిల్లు మాస్టారు ఉద్యోగం దొరికింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు పైకి, చేతులు పక్కకి. ఆ బడి పిల్లల భుజాలు చూస్తే పహిల్వాన్లకి కూడా అసూయ పుడుతుంది. కాళ్లకి కూడా వ్యాయామం ఉంటుందని మాత్రం పాపం వాళ్లకి తెలీదు.

మా అత్తయ్య ఈ పిచ్చిని దండగ పోనివ్వలేదు. "ఊరికే ఊపే బదులు ఈ దుప్పట్లు దులపండి" అంటుంది. కరెంటు పోతే చేతికి విసనకర్ర ఇస్తుంది. ఒక్క గిన్నెలు తోమే పని మాత్రం తప్పించుకున్నాడు, వాచీలకి నీళ్లు పడవని.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. కాలేజీ నన్ను వదిలించుకునేలోపు నేనే దాన్ని వదిలేసి మొబైల్ షాపులో చేరాను. స్మార్ట్ వాచీల కౌంటరు నాది. మామయ్యకి నేను బద్ధ శత్రువునైపోయాను. నాకు పెట్టిన పేరు చార్జరు. నా మణికట్టు కనబడితే చాలు, "మేతేశావా దానికి?" అంటాడు.

"రోజూ మేత వెయ్యకపోతే మర్నాటికి చచ్చేదాన్ని వాచీ అనర్రా చార్జరూ, కోడిపిల్ల అంటారు."

"నీ వాచీలకి మేత అక్కర్లేదా?"

"నాతోపాటు నడుస్తాయి. అదే వాటి మేత."

"నాది నాడి చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, ఫోనొస్తే చెబుతుంది. నీవి ఆరూ కలిసి టైము కూడా సరిగ్గా చెప్పలేవు మామయ్యా!"

"ఎవరి టైము?"

ఇక్కడికి వచ్చేసరికి ఎవరికైనా ఓపిక అయిపోతుంది.

ఒకసారి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అత్తయ్య మంచిమనసుతో ఆరు వాచీల్నీ గోడ గడియారం చూసి సరిచేసింది. మామయ్య తువ్వాలు చుట్టుకుని వచ్చి చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు కేక పెట్టాడు.

"ఎంత పని చేశావే! ఆరుగుర్నీ ఒక్కడిగా చేసేశావు!"

"బాగుచేస్తే అరుస్తారేమిటండీ?"

ఆయన తడితలతోనే కూర్చుని, ఒక్కొక్క వాచీనీ చెవి దగ్గర పెట్టుకుని, ముల్లు ఒకదానికి ముందుకీ ఇంకోదానికి వెనక్కీ తిప్పాడు. అంతా కంఠతా వచ్చు.

"తప్పు టైము పెట్టుకోడానికి ఇంత శ్రద్ధా?" అంది అత్తయ్య.

"తప్పు టైము కాదే. వాళ్ల టైము."

"ఎవరి టైము?" ఈసారి ఆ మాట అత్తయ్యది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "టీ పెడతావా?"

ఇంతలో ఒక రోజు బడి మెట్ల మీద ఆయనకి కళ్లు తిరిగాయి. పెద్ద ప్రమాదమేమీ లేదుగానీ నాడి మీద ఒక కన్నేసి ఉంచమన్నాడు డాక్టరు. అత్తయ్య వెంటనే నాకు ఫోను చేసింది.

"ఒరేయ్, నాడి చూసే వాచీ ఉందన్నావుగా, తీసుకురా. మీ మామయ్య నెత్తిన కట్టయినా సరే, పెట్టించాలి."

పట్టుకెళ్లాను. మామయ్య రెండు చేతులూ చాపి చూపించాడు. "సీట్లు లేవు."

"ఒకదాన్ని దించెయ్యి మామయ్యా."

"ఎవర్ని దిగమననురా?"

"పోనీ కాలికి కట్టుకో."

"నేనేమన్నా పావురాన్నా?"

డబ్బా టీవీ పక్కన కూర్చుంది. అత్తయ్య రోజూ దాని దుమ్ము తుడిచేది. తుడిచినంతసేపూ మామయ్య వైపే చూసేది. ఆ చూపుకి కూడా ఆయన లొంగలేదు.

ఊళ్లో వాచీలంటే పడిచచ్చేవాళ్లకి ఒక సంఘం ఉంది. మార్కెట్టు మూల వాచీ రిపేరు కొట్టు ఆసామీ కూడా అందులో సభ్యుడే. లైబ్రరీ మేడమీద గదిలో చేరి, భూతద్దాలు పెట్టుకుని, ఒకరి మణికట్టు ఒకరు చూసుకుని మురిసిపోతుంటారు. ఆ ఏడు అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఒకప్పుడు ఆయనా పాత వాచీల మనిషే. నా కౌంటరు దగ్గర స్మార్ట్ వాచీ కొన్న దగ్గర్నుంచీ కొత్త మతం పుచ్చుకున్నవాడిలా తయారయ్యాడు. వార్షిక సమావేశంలో 'చేతికి ఏ వాచీ మేలు' అని చర్చ పెట్టించి, మామయ్య ఇంటికే వచ్చి ఆయన్ని సవాలు చేశాడు.

"ఓడిపోతే ఆ ఆరూ విప్పేసి స్మార్ట్ వాచీ ఒక్కటే పెట్టుకోవాలి మాస్టారూ. ఒప్పుకుంటారా?"

మామయ్య నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర నుంచి అత్తయ్య, "ఒప్పుకున్నాం!" అంది.

డాక్టరు పక్షాన సామగ్రి అంతా నాది. అందులో నాకు సిగ్గేమీ లేదు. హాల్లో సగంమంది నా ఖాతాదార్లు, పైగా మామయ్య ఓడితే నాడి చూసే వాచీ ఆయన చేతికెక్కుతుంది. ఇంటికీ లాభం, షాపుకీ లాభం.

చర్చ ముందురోజు ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఊపుడు కాస్త తగ్గింది.

"ఓడిపోతే ఇవి ఆగిపోతాయిరా చార్జరూ."

"ఆగితే ఏం? కావాల్సినప్పుడు మళ్లీ కీ ఇచ్చుకో."

"అలా కాదురా. వాళ్లొచ్చేసరికి నడుస్తూ ఉండాలి."

"ఎవరొచ్చేసరికి?"

"టీ తాగుతావా?"

సమావేశం రోజు మేడగది కిక్కిరిసిపోయింది. మామయ్య బడి పిల్లలు కూడా వచ్చి గోడ వెంట నిలబడ్డారు. నేను డాక్టరు వాచీని పెద్ద తెరకి కలిపాను. ఆయన నాడి అంకె తెరమీద తలుపంత పెద్దదిగా వెలిగింది. డెబ్భై రెండు. జనం చప్పట్లు కొట్టారు. మనిషి గుండెకి అంత ప్రచారం ఎప్పుడూ జరిగి ఉండదు.

డాక్టరు అదరగొట్టాడు. నిద్ర, నడక, ఫోన్లు, వాతావరణం, అన్నీ మణికట్టు మీదే అన్నాడు. "పడిపోతే ఇంట్లోవాళ్లకి కబురు కూడా పంపుతుంది!" అనగానే ముందు వరసలో అత్తయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మొగుడు అవతలి పక్షంలో ఉన్నాడని గుర్తొచ్చినా ఆపలేదు.

ఆ తర్వాత డాక్టరు మామయ్య వైపు తిరిగాడు. "మాస్టారూ, చొక్కా చేతులు పైకి మడిచి ఆరు వాచీల్లో టైము వరసగా చదవండి. సభ వింటుంది."

మామయ్య మడిచాడు. చదివాడు. ఒక్కో టైముకీ నవ్వు పెరుగుతూ పోయింది. అయిదోది అందరికంటే పావుగంట ముందుంది. హాలు విరగబడి నవ్వింది. "ఇది వాచీల దుకాణమా, వాదించుకునే చుట్టాలా?" అన్నాడు డాక్టరు. మళ్లీ చప్పట్లు. అయిపోయింది, మామయ్య మునిగాడు అనుకున్నాను. ఆయన మాత్రం చేతుల వంకే చూసుకుంటున్నాడు, రైలెక్కించి పంపేవాళ్లని చూసినట్టు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. డాక్టరుగారి అమ్మ. కొడుకు గెలుస్తుంటే చూడ్డానికొచ్చింది.

"ఆ పావుగంట ముందున్నది ఒక్కసారి చూపించు నాయనా."

మామయ్య వేదిక దిగి వచ్చి చెయ్యి చాపాడు. ఆవిడ డయల్ చూడలేదు. తోలుపట్టీ తిప్పి చూసింది. కంపెనీ వేసిన కంతల అవతల, మేకుతో వంకరగా పొడిచిన కంత ఒకటి ఉంది.

"ఈ కంత మా ఆయన పొడిచిందే! సన్నటి చెయ్యి ఆయనది, పట్టీ జారిపోయేది. వాచీ ఎప్పుడూ పావుగంట ముందుకి పెట్టుకునేవాడు. సినిమాకి తీసుకెళ్లి పావుగంటసేపు ఖాళీ తెర చూపించేవాడు." నవ్వుతూనే కొడుకు వైపు తిరిగింది. "ఏరా, ఇది రిపేరు కాదన్నారని చెప్పావుగా?"

డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, తన కుర్చీలో తనే కూర్చున్న పేషెంటులా. కానీ తెర ఊరుకోలేదు. తొంభై. నూట నాలుగు.

"రిపేరుకిచ్చి నీకు చెప్పి పోయాడు, తెచ్చిపెట్టమని. వెళ్లావా?"

"వెళ్లానమ్మా..."

నూట పద్దెనిమిది. హాలంతా తెరకేసి చూస్తోంది. నా జన్మలో స్మార్ట్ వాచీకి అంత మంచి ప్రకటన చూడలేదు.

"ఊరందరి పళ్లూ పీకడానికి టైముంది గానీ, నాన్న వాచీ తేవడానికి లేదుట్రా!"

నూట ముప్ఫై! వెనక వరసలో ఎవరో వేలం పాడుతున్నట్టు అంకె పైకి చదివారు.

మామయ్య చప్పున అడ్డం వచ్చాడు. "డాక్టరుగారి తప్పు లేదమ్మా. వాచీ బాగయ్యేసరికి చాలా ఆలస్యమైంది. రిపేరు కాదనే అప్పుడు చెప్పి ఉంటారు."

తెరమీద నూట పది. తొంభై. ఎనభై ఒకటి. పెద్దావిడ తెరనీ కొడుకునీ మార్చి మార్చి చూసి, "సరేలే, మాస్టారు చెప్పారు కాబట్టి నమ్ముతున్నా" అంది. హాలు గొల్లుమంది.

అప్పుడు నాకు అర్థమైంది, మిగతాది తర్వాత మామయ్యే చెప్పాడు. ఆ వాచీల్లో మామయ్యది ఒక్కటీ లేదు. మార్కెట్టు మూలనున్న రిపేరు కొట్టులో బాగై, తీసుకెళ్లేవాళ్లు రాక పడి ఉన్నవి అవి. సొరుగులో పెడితే ఆగి బిగుసుకుపోతాయని తను తొడుక్కుని తిప్పుతున్నాడు. టైము ముందుంచమన్నవాళ్లది ముందు, వెనకుంచమన్నవాళ్లది వెనక, ఎవరిది వాళ్లకి నచ్చినట్టే. ఇచ్చిన వాచీ ఇంకొకడు పెట్టుకు తిరుగుతున్నాడంటే కొట్టువాడి పేరు పోతుందని, పెళ్లానికి కూడా చెప్పకుండా టీ అడుగుతూ నెట్టుకొచ్చాడు. ఆ కొట్టు ఆసామీ హాల్లోనే, కుర్చీలోంచి జారి దాదాపు నేలమీద ఉన్నాడు.

"అమ్మా, టైమెంత?" అన్నాడు మామయ్య, వాచీ ఆవిడ చేతికి కడుతూ.

ఆవిడ చూసుకుని, "మా ఆయన టైము ప్రకారం మనం ఈపాటికి ఇంటికెళ్లి కూర్చోవాలి" అంది.

ఇంక చర్చ ఎక్కడిది! పాత వాచీల పక్షం చేతులెత్తమంటే హాలంతా చేతులే. అందరికంటే పైకి లేచిన చెయ్యి డాక్టరుది, దాని మీద స్మార్ట్ వాచీతో సహా. నేనూ ఎత్తాను, పెళ్లిలో భోజనానికి లేచినంత హుషారుగా. పిల్లలు మామయ్యని భుజాల మీదికెత్తారు. వాళ్ల భుజాల సంగతి ముందే చెప్పానుగా, పూలసజ్జలా లేపేశారు. ఆయన పైన ఉండి కూడా చేతులు ఊపుతూనే ఉన్నాడు. ఒక్కసారైనా ఆ ఊపుడికి సందర్భం కుదిరింది.

దించాక జనం వరసకట్టారు. "మాస్టారూ, ఏదీ చెయ్యి? మా అన్నయ్యది కూడా ఆ కొట్లోనే ఇచ్చాం..." ఒకాయన తన వాచీ గుర్తుపట్టి, విప్పించుకుని, వెంటనే చెవి దగ్గర పెట్టుకుని పిల్లాడిలా నవ్వాడు. రిపేరు కొట్టు ఆసామీ కుర్చీలోకి మెల్లగా ఎక్కి, కాలరు సర్దుకుని, "మా కొట్టు సర్వీసు అలా ఉంటుంది మరి" అనడం మొదలెట్టాడు.

అత్తయ్య మాత్రం వరసలో నిలబడలేదు. నేరుగా వచ్చి మామయ్య ఎడమ మణికట్టు పట్టుకుంది. సంచిలోంచి డబ్బా తీసింది.

"సీటు ఖాళీ అయింది."

"గెలిచానే! గెలిచినవాడికి కూడానా?"

"గెలిచారు కాబట్టే మిగతా నలుగుర్నీ ఉండనిస్తున్నా. ఇంతమందిని చేతుల మీద మోసినవారు, నా ఒక్కదాన్నీ మోయలేరా?"

ఊరు ఊరంతా గెలవలేని మనిషి ఆ మాటకి పడిపోయాడు. పట్టీ ఆవిడే బిగించింది. తెరమీద డాక్టరు అంకె తీసేసి మామయ్యది పెట్టాను. సుబ్బరంగా ఉంది. అత్తయ్య ఆ అంకె వంక చూసిన చూపు చూస్తే, అమ్మకంలో నా నోటికి పని లేదనిపించింది.

రెండు రోజులకి మామయ్య షాపుకొచ్చాడు. ఖాళీ అయిన ఇంకో సీటులో అప్పుడే కొత్త ప్రయాణికుడు ఎక్కేశాడు. చుట్టూ చూసి, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ చార్జరూ, దీనికి మేత రోజూ వేళకి వేస్తున్నాను. కానీ దీని టైము కాస్త వెనక్కి తిప్పడం ఎలారా? ఎంత నొక్కినా కదలడం లేదు."

"ఎందుకు మామయ్యా? కరెక్టుగానే ఉందిగా!"

"అదేరా తప్పు. ఇది మీ అత్తయ్య వాచీ. ఆవిడ ఎక్కడికి బయల్దేరినా అయిదు నిమిషాలు ఆలస్యం కదా!"

"దీని టైము పైనుంచి దానంతటదే వస్తుంది మామయ్యా. మనం చెబితే వినదు."

మామయ్య మణికట్టు కేసి చూసుకున్నాడు. మెల్లగా మొహం వెలిగింది.

"అయితే అచ్చంగా మీ అత్తయ్యదే" అని, చేతులు ఊపుకుంటూ వీధిలోకి దిగాడు.

షాపు ఎదురుగా బస్సొకటి వచ్చి ఆగింది.