ఖాళీ మగ్గం తొక్కిన వదిన

మా వదినకు దయ్యం పట్టిందని తేల్చడానికి అయ్యగారికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆయన ఊరూరూ తిరిగే బోధకుడు. షోలాపూర్ వచ్చినప్పుడల్లా కుంఠా నాకా దగ్గర వరస గదుల మా చాళ్‌లోనే, మా ఇంట్లోనే దిగేవాడు. యాభైల నాటి మాట. ఆయన మొహం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వదిన తొలిచూలు బిడ్డ జ్వరంతో పోయింది. నెలల పిల్ల. పాతిపెట్టి వచ్చిన మర్నాటి నుంచి వదిన మగ్గం గుంటలో దిగి కూర్చుంది. మగ్గం మీద పడుగు లేదు. ఆ ఖాళీ మగ్గాన్నే కుడికాలితో తొక్కుతుంది, ఆగుతుంది, మళ్ళీ తొక్కుతుంది. కంట చుక్క నీరు లేదు. పిలిస్తే పలకదు. ఖాళీ మగ్గం తొక్కితే ఇంటికి అరిష్టమని మా వాడలో అందరికీ భయం. మేము క్రీస్తు మతం పుచ్చుకున్న నాటి నుంచి మాతో మాట మానేసిన పక్కింటామె, ఆ రోజు మాత్రం గడప దాకా నడిచి వచ్చింది.

"పోశమ్మను ఇడ్సిపెట్టిండ్రు గద. ఇగ అనుభవించుండ్రి," అని పోయింది.

అయ్యగారు కూడా ఆ మాటే అన్నాడు. ఆమె పోశమ్మ అన్నచోట ఈయన సాతాను అన్నాడు, అంతే తేడా. అమ్మా నేనూ చుట్టే బీడీల వల్లే సాతాను ఇంట్లో దూరాడట. ఆ బీడీల కూడు మాత్రం రెండు పూటలా వద్దనకుండా తిన్నాడు మహానుభావుడు. వదినకు మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. ఆదివారం లోపు దయ్యం వదలకపోతే ఆమెను పుట్టింటికి పంపెయ్యమని అన్నకు చెప్పాడు. పుట్టింట్లో ఉన్నది సవతి తల్లి. పోతే మళ్ళీ రాదని అందరికీ తెలుసు. అయినా మా అన్న అయ్యగారి మాట జవదాటేవాడు కాదు. ట్రంకుపెట్టె తీసి పెళ్ళాం చీరలు సర్దడం మొదలుపెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి ప్రార్థన. వాకిలి నిండా జనం, మతంవాళ్ళూ, వేడుక చూడ్డానికి వచ్చినవాళ్ళూ. దయ్యం తొక్కకుండా వదిన కాళ్ళు కట్టెయ్యమన్నాడు అయ్యగారు. అన్న తన తువ్వాలుతోనే కట్టాడు. ఇక అయ్యగారి కేకలు చూడాలి. దేవుడికి చెవుడనుకున్నాడేమో.

అప్పుడు వదిన నోరు విప్పింది.

"కాళ్ళిడ్వుండ్రి. పిల్ల లేస్తది."

"విన్నారా? దురాత్మ మాట్లాడుతున్నది," అన్నాడు అయ్యగారు జనం వైపు తిరిగి.

అమ్మ ఒళ్ళోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది. ఆయన ముందు అంతవరకూ తలెత్తి మాట్లాడిన మనిషి కాదు.

"జరా ఆగుండ్రి అయ్యగారు. మా ఇండ్లల్ల తొట్టెల మగ్గం పక్కకే కడ్తం. తొట్టెల తాడు తొక్కుడు చెక్కకు కడ్తం. తల్లి నేసుకుంటనే పిల్లనూపుతది. పిల్ల వోయిన్నాడు ఆ తాడు నా కొడుకే ఇప్పేసిండు. ఇది మగ్గం తొక్కుతలేదు. తొట్టెల ఊపుతున్నది."

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళంతా అలా పిల్లల్ని ఊపినవాళ్ళే. ఒక్కరికీ తట్టలేదు. దయ్యం అనేసరికి అందరి బుద్ధీ గడ్డి తింది.

"ఇది అవిశ్వాసం," అన్నాడు అయ్యగారు. అమ్మ వినిపించుకోలేదు. గుంటలోకి దిగింది. తువ్వాలు ముడి విప్పి వదిన పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇగ లేవది బిడ్డా," అంది. "నువ్వేడ్వు."

వదిన ఏడ్చింది. అమ్మా ఏడ్చింది. అన్న సర్దిన పెట్టె పక్కనే చతికిలబడ్డాడు. సాయంత్రం నేను జొన్న గటక కలిపి ఇస్తే వదిన రెండు చేతులా పట్టుకుని తాగింది.

మర్నాడు ఆరాధనలో అయ్యగారు సిగ్గు లేకుండా దాన్నీ తన ఖాతాలోనే వేసుకున్నాడు. దయ్యం ఏడుస్తూ పోయిందని చెప్పి, సాక్ష్యం ఇమ్మని వదినను లేపాడు. ఆమె కొంగు సర్దుకుని నిలబడింది.

"నాకు దయ్యం పట్టలే అయ్యగారు. నా పిల్ల సచ్చిపోయింది. ఇన్ని దినాలు మీరు సాతానుతోనే మాట్లాడిండ్రు. దేవునికి నా పిల్ల మాట ఒక్కసారన్న చెప్పుండ్రి."

ఆయన పుస్తకం పేజీలు తిప్పుతూ నిలబడ్డాడు. ఆ ప్రార్థన మా అమ్మ లేచి చేసింది.