నాన్న చెప్పిన కణాల పాఠం

చర్చిలో పెద్దవాళ్ల కూటానికి వచ్చి మతిమరుపు గురించి మాట్లాడమని పాస్టరు గారు అడగ్గానే ఒప్పేసుకున్నాను. ఎన్నో ఏళ్లుగా కాలేజీలో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని. ముసలి మెదడు కణాలను మళ్లీ పడుచు కణాలుగా మార్చే ప్రయత్నాల గురించి చెప్పాలనుకున్నాను. శనివారం పొద్దున్న కాసిడీహ్‌లో మా ఇంట్లోనే, నాన్న ముందు నిలబడి ఒకసారి చెప్పి చూసుకున్నాను.

నాన్న పడుచుతనంలోనే ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఇనప తీగల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఈమధ్య మాటలు మరిచిపోతున్నారు. నలుగురిలో మాట అందక సిగ్గుపడి, చివరికి మాట్లాడడమే మానేశారు.

అంతా విని, "ఏటమ్మా సెప్పినావు? నాకేటీ బోధపళ్లేదు," అన్నారు.

ఉక్రోషం వచ్చింది. అయినా కాగితాలు పక్కన పడేసి కూర్చున్నాను.

"వయసు మీదపడితే కణం మందగిస్తుంది నాన్నా. దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే పిండంలో కణంలా అయిపోతుంది, ఇక మెదడు కణమే కాదు. అందుకే కొంచెం తిప్పి ఆపెయ్యాలి. ముసలితనం పోవాలి, తనెవరో మాత్రం మరవకూడదు."

నాన్న మెల్లిగా అన్నారు: "అయితే కరిగించకూడదు. కరిగిత్తే తీగే ఉండదు. లాగీ లాగీ తీగ గట్టిబడిపోతాది, వంచితే పుటుక్కుమంటాది. కొలిమిలో ఎర్రగా కాల్చి మెల్లిగా చల్లారనిత్తే మళ్లీ వంగుతాది. తీగ తీగే. ఇదేనా నువ్వు సెప్పింది?"

"అచ్చం ఇదే నాన్నా!" అని అరిచాను. మా అమ్మాయి "క్యా హువా, ఏమైంది?" అంటూ లోపల్నించి పరుగెత్తుకొచ్చింది.

ఆదివారం చర్చి హాల్లో నాన్ననే మైకు ముందుకు పిలిచాను.

"మధ్యలో మాట మరిసిపోతే?" అన్నారు నా చెవిలో.

"పక్కనే ఉంటాను కదా."

అన్నట్టే మరిచిపోయారు. ఆ కాల్చి చల్లార్చే పని పేరు దగ్గర ఆగిపోయారు. నేను అందించబోయాను. అంతలో మాంగో పేట నుంచి వచ్చిన, రిటైరైన క్రేన్ ఆపరేటరు ఒకాయన వెనక వరసలోంచి "అనీలింగ్!" అని కేకేశాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వేసి మాట అందుకున్నారు. సగం హాలు ఫ్యాక్టరీ వాళ్లే, తలలూపుతూ విన్నారు.

"మనకెప్పుడొత్తాది బాబూ ఈ వైద్యం?" అని ఒక పెద్దామె అడిగింది.

ఇంకా ఎలుకల మీదే చూస్తున్నారనీ, మోతాదు మించితే క్యాన్సర్ రావచ్చనీ నేను ఉన్నమాట చెప్పాను.

"వేడి మించితే సరుకంతా పాడే," అన్నారు నాన్న. "తొందరపడకూడదు. ఆళ్లని పన్జేసుకోనీండి."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. టీ దగ్గర ఆయన చుట్టూ జనం. నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. అంత సంతోషం నాకు ఏ క్లాసులోనూ కలగలేదు.

సాక్చి బజారు మీదుగా ఇంటికి వస్తుంటే, దారి పొడుగునా నాన్న ఆటో డ్రైవరుకి హిందీలో కణాల సంగతి చెబుతూనే ఉన్నారు. ఇల్లొచ్చాక కూడా అతను ఇంజను ఆపి మరీ విన్నాడు.