నెవాడా రాళ్ల పొరల్లో మా మాస్టారు

మా మాస్టారు పోయారని పోయిన నెలలో పిన్నిగారు ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. మాస్టారి భార్యను నేను మొదటినుంచీ పిన్నిగారు అనే పిలిచాను. ఆయన మీలో చాలామందికి తెలియరు. ఇవాళ నేను ఒక రాయిని చూసి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

డెబ్బైల చివర్లో భూగర్భశాస్త్రం చదవడానికి నేను నెవాడా వెళ్లేనాటికి ఆ శాఖలో తెలుగువాళ్లం ఇద్దరమే. ఆయన ప్రొఫెసరు, నేను విద్యార్థినిని. క్లాసులో ఇంగ్లీషు, ఎడారిలోకి వెళ్తే నాతో తెలుగు. ఊరికి దూరంగా, కొండల మధ్య పళ్లెంలాంటి ఎండు లోయ ఉంది. దాని అంచున ఎర్రటి ఇసుకరాయి, బూడిదరంగు బురదరాయి పొరలుపొరలుగా బయటపడి ఉంటాయి. ఒకప్పుడు అక్కడ సరస్సు ఉండేదట. మాస్టారు ఏళ్ల తరబడి ఆ పొరల మీదే పనిచేశారు. బురదరాయి ముక్కను పళ్ల మధ్య పెట్టుకుని, నాకూ ఒకటి ఇచ్చేవారు.

"కొరికి చూడమ్మాయ్. కరకరలాడితే సన్న ఇసుక ఉన్నట్టు. వెన్నలా జారితే ఒట్టి బంకమట్టి."

"అక్కడ రాళ్లు నములుతారు, ఇంట్లో అన్నంలో ఒక్క రాయి వస్తే కంచం తోసేస్తారు" అని పిన్నిగారు నవ్వేవారు.

ఆ పొరల మధ్య అక్కడక్కడా గుండ్రాళ్లూ కంకరా కలిసి గట్టిపడిన దళసరి పట్టీలు ఉండేవి. "ఈ బురద చేరడానికి వేల ఏళ్లు పట్టింది. ఈ రాళ్ల పొర ఒక్క మధ్యాహ్నం పని. కొండల మీద గట్టి వాన పడితే చాలు, వరద మోసుకొచ్చి పడేస్తుంది" అని ఆయన ఆ పొరల దగ్గరే నిలబడి మా క్లాసుకు చెప్పింది ఒక ఆగస్టు ఉదయం. ఆ మధ్యాహ్నమే అది జరిగింది.

ఎండ మండిపోతోంది. కొండల నుంచి లోయలోకి దిగే ఒక ఎండు వాగులో గట్టు నీడ పడుతోందని, అక్కడ కూర్చుని భోంచేయమని మాస్టారే చెప్పారు. మా నెత్తిన మబ్బు తునక లేదు. దూరపు కొండల మీద కురిసిన వాన మాకు తెలియలేదు. ముందు లారీ వస్తున్నట్టు చప్పుడు. తర్వాత బురద, రాళ్లు, చెట్ల మొద్దులు. మాస్టారు అరుస్తూ, అందినవాళ్లని చెయ్యి పట్టి గట్టు మీదకి లాగారు. ఒహాయో నుంచి వచ్చిన మా సహాధ్యాయి ఒకతను కాస్త దిగువన టోపీ మొహం మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. మర్నాడు లోయలో, కంకర కింద దొరికాడు.

అతని తల్లిదండ్రులు వచ్చి ఆ చోటు చూపించమన్నారు. "ప్రమాదం జరిగిందని మాత్రం చెప్పండి, ఇంకేమీ మాట్లాడకండి" అని యూనివర్సిటీ లాయరు హెచ్చరించాడు. "ఉద్యోగం పోతే మనం ఎక్కడికి వెళ్తామండీ?" అని పిన్నిగారూ బతిమాలారు. ఆయనే వాళ్లని కారులో తీసుకెళ్లారు. వాగు ఒడ్డున దిగాక వాళ్ల ఎదురుగా నిలబడి చెప్పారు.

"ఇక్కడ కూర్చోమన్నది నేను. వరద ఎలా వస్తుందో నాకు తెలుసు. తెలిసీ కూర్చోమన్నాను."

తల్లి వాగులోకి చూస్తూ ఒడ్డునే కూర్చుంది. తండ్రి చాలాసేపు ఆ గట్టు వంక చూశాడు. "ఫోన్ చేసినప్పుడల్లా మీ గురించే చెప్పేవాడు" అని, మాస్టారు చాచిన చెయ్యి అందుకోకుండానే కారు వైపు నడిచాడు.

ఉద్యోగం పోలేదు. ఆ తల్లిదండ్రులు యూనివర్సిటీ మీద వేసిన కోర్టు కేసు ముగిశాక, విద్యార్థులను ఎడారికి తీసుకెళ్లే ఫీల్డ్ క్లాసులు మాత్రం ఆయన చేతిలోంచి తీసేశారు. ఆయన వాదించలేదు. శాఖలో కొందరు ఆయనతో కాఫీ తాగడం మానేశారు.

"ఆ రోజు చెప్పకుండా ఉండాల్సింది కదా మాస్టారూ" అన్నాను ఒకసారి.

"వాళ్లు అంత దూరం వచ్చింది నిజం కోసం అమ్మాయ్. వాళ్లకి ఇవ్వడానికి నా దగ్గర అదొక్కటే ఉంది." మళ్లీ తనే, "ఇచ్చినంత మాత్రాన నాకేం తేలిక కాలేదులే" అన్నారు.

నా థీసిస్ ఆ వాగు గట్టు పొరల మీదే. ఒక్కదాన్నే వెళ్తానంటే ఆయన ఒప్పుకోలేదు. శనివారాలు తన కార్‌లో తీసుకెళ్లేవారు. నేను కింద టేపు పట్టుకుని కొలుస్తుంటే, ఆయన వాగులోకి దిగకుండా, అంత ఇష్టమైన రాళ్లకు వీపు పెట్టి గట్టు మీద నిలబడేవారు.

"ఎండలో ఎందుకు మాస్టారూ, కార్‌లో కూర్చోండి" అనేదాన్ని.

"నువ్వు నీ పని చూసుకో. నేను కొండలు చూస్తాను."

పని ముగించుకుని పైకెక్కి పక్కన నిలబడినా తల తిప్పేవారు కాదు. అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, నిర్మలంగా ఉన్న ఆకాశం కింద ఆ దూరపు శిఖరాల వైపే చూస్తూ ఉండేవారు.